ముందు వెళ్తున్న నీలం కారు

మా బావ ఆ కారు కొన్న వారమంతా మా అక్క ఆయనతో పొడిపొడిగానే మాట్లాడింది. అన్నం పెట్టింది, బట్టలు మడతపెట్టింది, కారు ఊసు మాత్రం ఎత్తలేదు. నాకు ఫోన్ చేసి, "ఇంటి ముందు నీలం తొట్టి ఒకటి తెచ్చి పెట్టాడే మీ బావ. దానికి పైకప్పు కూడా లేదు" అంది.

అక్కావాళ్లుండేది ఐర్లండ్‌లో ఎనిస్ అనే ఊళ్లో. నేను షానన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే ఉంటాను. శని, ఆదివారాలు ఎక్కువగా అక్క ఇంట్లోనే గడిచిపోతాయి. బావ మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఒక యంత్రం తాను చెయ్యాల్సిన పనినే చేస్తోందా లేదా అని మళ్లీ మళ్లీ పరీక్షించి సంతకం పెట్టటం ఆయన ఉద్యోగం. ఐర్లండ్ వచ్చి పద్దెనిమిదేళ్లయినా వేగంగా నడిపాడని ఒక్క నోటీసూ రాలేదు. ఎవరింటికైనా భోజనానికి బయల్దేరితే, వెనక సీట్లో కూర్చున్నవాళ్ల బెల్టులు కూడా లాగి చూస్తేగాని తాళం తిప్పేవాడు కాదు.

అలాంటి మనిషికి ఈ కారెందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే, "ఒక్కటన్నా అవసరం లేనిది కొనాలనిపించింది అమ్మాయ్" అన్నాడు.

అది అరవైల నాటి ఒక రేసు కారుకు నకలు. అసలు కార్లు ప్రపంచం మొత్తం మీద కొన్నే మిగిలాయట. అందుకని మోజున్నవాళ్లు నకళ్లు కట్టించుకుంటారు, లేదా తామే కట్టుకుంటారు. ఇనప గొట్టాల చట్రం, దాని మీద ఫైబర్‌గ్లాస్ తొడుగు, లోపల ఎనిమిది సిలిండర్ల పెద్ద అమెరికన్ ఇంజను. బరువు చూస్తే నా చిన్న కారంత. శక్తి దానికి నాలుగైదింతలు. సీట్లు రెండే. ముందు అద్దం అరచెయ్యి ఎత్తు ఉంటుందేమో. పొగగొట్టాలు వెనక్కి పోకుండా, రెండు పక్కలా తలుపుల కిందగా బయటికే ఉంటాయి.

దాన్ని కట్టింది టిప్పరరీ జిల్లాలో నీనా అనే ఊరి దగ్గర ఉండే ఒక పెద్దాయన. ఎన్నో చలికాలాలు షెడ్డులో కూర్చుని ఒక్కడే కట్టుకున్నాడు. చూపు మందగించి అమ్మేశాడు. తీసుకురావటానికి బావతో నేనూ వెళ్లాను, మా కారు వెనక్కి తోలుకు రావటానికి ఇంకో మనిషి కావాలి కాబట్టి. పెద్దాయన కారు చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ ఒక్కొక్కటీ తడిమి చూపించాడు. సీట్ల వెనక బ్యాటరీని ఆపేసే ఎర్ర మీట ఉంది. ఏదైనా జరిగితే ముందు అది తిప్పాలన్నాడు. తరవాత బావ వైపు తిరిగి, "నీ మామూలు కారులో నువ్వు తప్పు చేస్తే సర్దిపెట్టే పరికరాలు ఉంటాయి. బ్రేకు మీద నిలబడ్డా చక్రాలు బిగుసుకుపోవు. యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే అదే తగ్గించుకుంటుంది. దీంట్లో అవేవీ లేవు. ఎయిర్‌బ్యాగులు లేవు. వాన పడితే ఇంట్లో పెట్టు" అన్నాడు.

బావ నవ్వి, "ఐర్లండ్‌లో వాన పడని రోజు ఎప్పుడో చెప్పండి మరి" అన్నాడు.

పెద్దాయన నవ్వలేదు.

ఆ నెలలోనే ఒక శనివారం బావ నన్ను ఎక్కించుకుని క్విన్ అనే ఊరి వైపు తీసుకెళ్లాడు. నాలుగు పట్టీల బెల్టు భుజాల మీంచి, నడుం మీంచి బిగించి, ఛాతీ కింద కొక్కెం పెట్టాడు. ఇంజను మొదలవగానే ఆ అదురు సీటులోంచి నా వెన్నులోకి వచ్చింది. మాట్లాడాలంటే అరవాలి. పక్కన పోయే మామూలు కార్లన్నీ మాకంటే ఎత్తుగా ఉన్నాయి. లారీ పక్కనుంచి పోతుంటే దాని చక్రం ఇరుసు సరిగ్గా నా చెవికి ఎదురుగా ఉంది.

నాకు బాగానే ఉంది కూడా. రోడ్డు మీద అంత దగ్గరగా గాలి, గడ్డి వాసన, ఎండ తగలటం నాకు కొత్త. దారిలో కనిపించిన ప్రతివాళ్లూ చెయ్యి ఊపారు. బావ ముఖంలో నేనెప్పుడూ చూడని వెలుగుంది.

రౌండబౌట్ కూడలి దగ్గర రోడ్డు కొంచెం తడిగా ఉంది. బయటికి వచ్చేటప్పుడు బావ యాక్సిలరేటర్ మీద కాలు కాస్త ముందే వేశాడేమో, కారు వెనకభాగం జానెడు పక్కకి జరిగింది. ఏదో పెద్ద చెయ్యి మమ్మల్ని పట్టుకుని పక్కకి తోసినట్టు అనిపించింది. బావ స్టీరింగ్ తిప్పి మళ్లీ దారిలోకి తెచ్చాడు. తరవాత ఆయన గట్టిగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చాక నేను దిగుతుంటే వానకోటు అంచు పక్క గొట్టానికి తగిలి కరిగి ముద్దయింది.

"బావా, ఇది ఇంకా మీ చేతికి రాలేదు" అన్నాను. "కిల్డేర్‌లో రేసు ట్రాకుంది గదా, అక్కడ నేర్పిస్తారంట. తడిలో ఎట్టా నడపాలో, జారితే ఏం చెయ్యాలో. ఒకసారి పోయి రండి."

"పోవాలి. సెప్టెంబర్లో చూద్దాం. ఇప్పుడు సెలవలెక్కడున్నాయి?" అన్నాడు.

నేను మళ్లీ రెండు మూడుసార్లు గుర్తుచేశాను. ప్రతిసారీ సెప్టెంబరే.

అక్క కూతురు ఆ జూన్‌లో మన పదో తరగతి లాంటి జూనియర్ సర్ట్ పరీక్షలు రాసింది. పదహారో ఏడు నడుస్తోంది దానికి. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి క్లేర్ జిల్లా యాసలో ఇంగ్లీషులోనే. పరీక్షలైపోయాక నీలం కారులో సముద్రం ఒడ్డున ఉన్న లహించ్ తీసుకెళ్లి ఐస్‌క్రీం కొనిపెడతానని బావ మాటిచ్చి ఉన్నాడు. అది ఆ మాట పట్టుకుని కూర్చుంది. కారులో ఇద్దరికే చోటు కాబట్టి నేనూ అక్కా నా కారులో వెనక రావాలని తేలింది.

ఆ ఆదివారం పొద్దున ఎండ బాగా కాసింది. అక్క పాప జుట్టు గట్టిగా జడవేసి, తలకు స్కార్ఫ్ కట్టి, బెల్టు పట్టీలు నాలుగూ ఒక్కొక్కటిగా లాగి చూసింది.

"ఇట్స్ గ్రాండ్, అమ్మా" అంది అది విసుగ్గా. "యూ'ర్ చోకింగ్ మీ."

"కాళ్లు బయట పెట్టబాక. ఆ గొట్టాలు కాలతాయి" అంది అక్క.

బావ తిన్నగా పోయే దారి కాకుండా కరోఫిన్, కిల్‌ఫెనోరా మీదుగా చుట్టుదారి పట్టాడు. రాళ్ల గోడల మధ్య వంపులు తిరుగుతూ పోయే రోడ్డది. అక్క నా పక్కన కూర్చుని ముందు కారు మీదే కళ్లు పెట్టింది. బావ చాలా జాగ్రత్తగా పోతున్నాడు. మలుపు రాకముందే నెమ్మదిస్తున్నాడు. పాప చెయ్యి పైకెత్తి గాలిలో వేళ్లు ఆడిస్తోంది.

కరోఫిన్ చేరేసరికి జల్లు మొదలైంది. పెట్రోలు బంకు రేకుల కింద రెండు కార్లూ ఆపాం. పాప జడ తడిసింది, ముఖం తుడుచుకుంటూ నవ్వుతోంది. జల్లు ఎంతోసేపు లేదు. ఆగిపోయి మళ్లీ ఎండ వచ్చింది. రోడ్డంతా నల్లగా మెరుస్తోంది.

అక్క దిగి వెళ్లి, "ఏమండీ, పాపని మాతో పంపించండి. రోడ్డు ఆరాక మళ్లీ ఎక్కించుకుందురుగాని" అంది.

"ఆగిపోయిందిగా" అన్నాడు బావ.

"నో వే" అంది పాప. "అమ్మా, ఇట్ వాజ్ ఓన్లీ ఎ షవర్."

"పోనీ నేను ముందు పోతాను బావా. మీరు నా వెనక రండి" అన్నాను. నా వెనక ఉంటే తొందరపడడని నా ఆలోచన.

"నీ వెనక వస్తే నీ చక్రాల నీళ్లన్నీ మా మొహానే కొడతాయి. మేమే ముందు పోతాం, మెల్లగానే పోతాంలే" అన్నాడు.

అది నిజమే. కప్పులేని కారు. అక్క మళ్లీ నా కారెక్కి తలుపు కొంచెం గట్టిగా వేసింది.

లెమనే కోట శిథిలాలు దాటాక ముందొక ట్రాక్టరు తగిలింది. అది గడ్డి కోతల కాలం. ఖాళీ ట్రెయిలర్‌తో పొలానికి పోతోంది. రోడ్డు మీద అక్కడక్కడా చక్రాల మట్టి, రాలిన పచ్చగడ్డి, వాటి మీద వాన తడి. బావ ట్రాక్టరు వెనక ఓపిగ్గా పోతున్నాడు. ఆయన వెనక నేను. ఒక మలుపు తిరగ్గానే రోడ్డు కొంతదూరం తిన్నగా కనిపించింది. ఎదురు ఏమీ లేదు. బావ ఇండికేటర్ వేసి కుడివైపుకు వచ్చి ట్రాక్టరును శుభ్రంగా దాటి, మళ్లీ ఎడమకు వచ్చాడు. అక్క నిట్టూర్చింది. నేనూ దాటొచ్చా అని కొంచెం కుడికి జరిగి చూస్తున్నాను. జరగబోయేదంతా నాకు కనిపించింది అందుకే.

ట్రాక్టరు దాటాక బావ కారు మామూలు వేగానికి రాలేదు. ఇంజను చప్పుడు ఒక్కసారిగా పెరిగింది. మూసిన అద్దాల్లోంచి కూడా మాకు వినిపించింది.

"ఎందుకూ?" అంది అక్క. ఆ ఒక్క మాటే.

నీలం కారు వెనకభాగం కుడికి జారింది. బావ స్టీరింగ్ తిప్పినట్టున్నాడు, అది కుదురుకోకుండా ఈసారి ఎడమకి ఇంకా ఎక్కువ కొట్టింది. తరవాత కారు మొత్తం గిర్రున తిరిగింది. ఒక్క క్షణం వాళ్లిద్దరి ముఖాలూ మా వైపే ఉన్నాయి. ఆ ముఖాలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. పాప నోరు తెరుచుకుని ఉంది. బావ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి కాని ఆ చేతులతో చెయ్యటానికి ఏమీ మిగల్లేదు. కారు అట్లా వెనక్కి వెనక్కి జారుకుంటూ వెళ్లి, ఎడమ పక్క రాళ్ల గోడను వెనకభాగంతో కొట్టి, గోడను పొలంలోకి కూల్చుకుంటూ సగం లోపలికి పోయి ఆగింది.

ట్రాక్టరు బ్రేకులు పడి ట్రెయిలర్ అడ్డంగా తిరిగింది. నేను దాని వెనక ఎట్లా ఆపానో తెలీదు. కారింకా పూర్తిగా ఆగకముందే అక్క తలుపు తీసుకుని పరిగెత్తింది. అదే సమయానికి ఎదురు మలుపులోంచి ఒక క్యాంపర్ వ్యాను వచ్చి నెమ్మదిగా నిలబడింది. నీలం కారు ఎడమకు కాకుండా కుడికి జారి ఉంటే, ఇంకాస్త ఆలస్యంగా జారి ఉంటే అనే ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. వెంటనే తోసేశాను.

నేను వెళ్లేసరికి పాప బెల్టు తానే విప్పుకుని, పొట్టి తలుపు మీంచి ఒక కాలు బయటికి వేసింది. ఆ కాలిపిక్క సరిగ్గా పక్క గొట్టం మీద పడింది. ఆ కేక గోడకు అవతల పొలంలో ఉన్న ఆవులను కూడా బెదరగొట్టింది. నేను దాని కాలు పట్టుకుని ఎత్తి లోపలికి తోశాను. పెట్రోలు వాసన వస్తోంది. ఇంజను ఆగిపోయింది కాని ఎక్కడో ఏదో టిక్ టిక్‌మంటోంది. సీట్ల వెనక రాళ్లు పడి ఉన్నాయి. వాటి సందులోంచి చెయ్యి పెట్టి ఎర్ర మీట తిప్పాను.

ట్రాక్టరు నడిపే ఆయన అప్పటికే వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి, గడ్డం తెల్లగా ఉంది. పాపను బయటికి లాగబోతున్న అక్కను భుజం పట్టి ఆపాడు. "వద్దమ్మా, మెడ కదపొద్దు. నిప్పంటుకుంటే అందరం కలిసి లాగేద్దాం. అప్పటిదాకా కదపొద్దు" అన్నాడు ఇంగ్లీషులో. కూలిన గోడ మీద మోకాళ్లూని, పాప తలను రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. ఆ చేతులకు గడ్డి పసరు ఉంది. "నీ పేరేంటి బంగారం? ఏ స్కూలు? హర్లింగ్ ఆడతావా?" అని అడుగుతూనే ఉన్నాడు. అది ఏడుస్తూనే జవాబు చెప్తోంది.

బావ తన సీట్లో కదలకుండా ఉన్నాడు. కనుబొమ మీంచి రక్తం కారి చొక్కా మీద పడుతోంది. "పాపకేం కాలేదు కదా" అన్నాడు నాతో. మళ్లీ అదే అన్నాడు. నేను జవాబిస్తున్నా ఆయనకు వినపడుతున్నట్టు లేదు.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎక్కడున్నారని అడిగారు. రాళ్లూ గోడలూ తప్ప నాకేం కనపడలేదు. ట్రాక్టరాయన పాప తల వదలకుండా, ఫోన్ తన చెవి దగ్గర పెట్టమని సైగచేసి దారి చెప్పాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆయన ఆ మోకాళ్ల మీదే ఉన్నాడు. క్యాంపర్ వ్యాను దంపతులు నీళ్ల డబ్బాలు తెచ్చారు. నేను వాటితో పాప కాలి మీద నీళ్లు పోస్తూ కూర్చున్నాను.

లిమెరిక్ ఆసుపత్రికి చేర్చారు. పాపకు ఎడమవైపు కాలరు ఎముక, పక్కటెముకలు విరిగాయి. మెడకు ఏమీ కాలేదు. పిక్క మీద కాలిన గాయం లోతైనదే అన్నారు. ఆ పట్టీలే లేకపోతే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోయి, అక్క ముఖం చూసి ఆపేశాడు. బావకు కనుబొమ మీద కుట్లు పడ్డాయి, మణికట్టు బీట వేసింది.

సాయంత్రానికి గార్డ వచ్చింది. పోలీసును ఇక్కడ గార్డ అంటారు. చిన్న వయసమ్మాయి, మర్యాదగా మాట్లాడింది. ముందు డాక్టరుతో మాట్లాడి మా దగ్గరకు వస్తానని చెప్పి లోపలికి వెళ్లింది. అక్క నన్ను వరండా చివరికి తీసుకెళ్లింది.

"ఆమె నిన్నడుగుద్ది. నువ్వేగా నడుపుతున్నది, నువ్వేగా చూసింది" అంది.

"అవునక్కా."

"ట్రాక్టరు కొంచెం అడ్డం జరిగిందని చెప్పు. ఆయన దాటేటప్పుడు అది కుడికి జరిగింది. అందుకే కంగారుపడ్డాడు. అట్టా చెప్పు."

"జరగలేదక్కా అది."

"జరిగినట్టే నాకనిపించింది."

"నీకూ తెలుసు. జరగలేదు. ఆయన పాప తల పట్టుకుని కూర్చున్నాడే అంతసేపు."

అక్క గోడకు ఆనుకుంది. పొద్దున్నుంచీ ఏడవని మనిషి అప్పుడు కూడా ఏడవలేదు. గొంతు మాత్రం బాగా తగ్గించింది. "ఈ దేశంలో పిల్లల్ని తీసుకుపోతారంట. తండ్రి చేతిలో పిల్లకి దెబ్బ తగిలిందంటే ఇంటికొచ్చి చూస్తారంట. ఆయన్ని కోర్టుకి లాగుతారు. నాకు వీళ్లిద్దరూ కావాలే. ఆ ట్రాక్టరాయనకి ఏమవుద్ది? పెద్దవాడు, ఇక్కడివాడు, ఆయన్నేం చెయ్యరు."

నాకు అక్క మీద కోపం రాలేదు. ఆ మాట ఆమె భయమే మాట్లాడించింది. కాని నేను చూసింది చూశాను. గార్డ అడిగినప్పుడు అక్క ఎదురుగా నిలబడి ఆ చూసింది ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

ఆ ఆలోచన తెగకముందే గార్డ బయటికి వచ్చింది. వెనకే బావ, కట్టు కట్టిన చేతిని ఛాతీకి ఆనించుకుని. మేము మాట్లాడుకున్నది ఆయనకు తెలియదు. ఆయన అక్క వైపు గాని నా వైపు గాని చూడకుండా, గార్డ ఇంకా పుస్తకం తెరవకముందే మొదలుపెట్టాడు. సంతకం పెట్టే ముందు ఆఫీసులో ఎట్లా చెప్తాడో అట్లాగే, ఇంగ్లీషులో, ఒక్కో వాక్యం విడదీసి చెప్పాడు.

"ట్రాక్టరు దాని దారిన అది పోతోంది. ఆయన తప్పు ఏమీ లేదు. నేను దాటాను, అది సరిగ్గానే దాటాను. దాటి నా వైపుకి వచ్చాక మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాను. రోడ్డు తడిగా ఉందని తెలుసు. తొక్కాల్సిన అవసరం లేదు. పాప నవ్వుతోందని తొక్కాను."

గార్డ రాసుకుంది. తరవాత నన్ను అడిగింది. నేను చూసింది చూసినట్టు చెప్పాను. అక్క మా ఇద్దరి పక్కనే నిలబడి విన్నది. చివర్న, "మీరేమైనా చెప్తారా?" అని గార్డ అడిగితే, అక్క, "ఆ ట్రాక్టరాయనకి థాంక్స్ చెప్పాలి. ఆయన అడ్రసు ఇస్తారా?" అంది.

మర్నాడు పాప దగ్గర నేనున్నాను. అక్క ఇంటికెళ్లి బట్టలు తెస్తానంది. పాప చాలాసేపు కిటికీ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"పిన్నీ, డాడ్ గార్డ్స్‌కి ఏం చెప్పాడు?" అంది. తెలుగులో అడిగింది. అది తెలుగులో ఏదైనా అడిగితే అది చాలా పెద్ద విషయమని అర్థం.

చెప్పాను.

"డిడ్ హీ సే ఐ టోల్డ్ హిమ్ టు?"

"ఏం చెప్పావు నువ్వు?"

అది అప్పుడు ఏడ్చింది. ఏడుస్తుంటే పక్కటెముకలు నొప్పిచేసి మళ్లీ ఆపుకుంది. ట్రాక్టరు దాటగానే తనే "గో ఆన్, డాడ్, గో ఆన్" అని అరిచిందట. రెండుసార్లు. ఆయన తన వైపు చూసి నవ్వి కాలు వేశాడట. బావ ఆ మాట గార్డకు చెప్పలేదు. అక్కకూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

"నువ్వే మాట్లాడు మీ నాన్నతో" అన్నాను.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించిన రోజే మాట్లాడింది. వంటింట్లో నేను కూరలు తరుగుతున్నాను. బావ ఒంటిచేత్తో పాలగిన్నె కడుగుతున్నాడు. అది గడప దగ్గర నిలబడి, గబగబా, అంతా ఇంగ్లీషులో చెప్పేసింది. ఇట్ వాజ్ మై ఫాల్ట్ ఆజ్ వెల్ అంది. బావ కుళాయి కట్టేశాడు. వెనక్కి తిరిగి దాని ముఖం చూశాడు.

"నువ్వు అన్నావు తల్లీ. నిజమే, విన్నాను. కాని కాలు నాది" అన్నాడు.

అది వచ్చి ఆయన మంచి చెయ్యి వైపు భుజానికి తల ఆనించింది. అక్క కూడా అక్కడే ఉంది. బియ్యం కడుగుతున్న చేతులు అట్లాగే నీళ్లల్లో ఉంచుకుని నిలబడిపోయింది.

ఆ తరవాత గార్డుల తరఫున ఒక ఇన్‌స్పెక్టరు కారును పరిశీలించాడు. బ్రేకులు సరిగ్గానే ఉన్నాయి. స్టీరింగ్ సరిగ్గానే ఉంది. టైర్లకు గాడులు లోతుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి, కాని రబ్బరు మాత్రం బాగా పాతబడి గట్టిపడిపోయింది. షెడ్డులో ఏళ్ల తరబడి ఉండటంతో అరగకుండానే ముసలివైపోయాయి. తడి మీద అవి రోడ్డును పట్టుకోవటం కష్టమని రాశాడు. అక్క ఆ మాట వినగానే, "అయితే టైర్లదే కదా" అంది.

"టైరు మీద తయారైన ఏడాది అచ్చువేసి ఉంటది. కొన్న రోజే వంగి చూడాల్సింది. నా ఉద్యోగమే అది" అన్నాడు బావ.

కోర్టులో తప్పొప్పుకున్నాడు. జరిమానాతోపాటు కొన్ని నెలలు లైసెన్సు తీసేశారు. పాప విషయంలో ఒక సోషల్ వర్కరు ఇంటికి వచ్చి, టీ తాగి, పాపతో విడిగా మాట్లాడి వెళ్లింది. మళ్లీ రాలేదు. ఆమె వెళ్లాక అక్క సోఫాలో కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆ శనివారం అక్క, బావ, పాప ముగ్గురూ ట్రాక్టరాయన ఇంటికి వెళ్లారు. బావ వెళ్లి కూలిన గోడ కడతానంటే, అది ఎప్పుడో పేర్చేశానని ఆయన చెప్పాడట.

కారు శిథిలం ఎనిస్ పక్కన ఒక గ్యారేజీ పెరట్లో పడి ఉంది. కార్క్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. బావ వయసే ఉంటుంది, గొంతు సరదాగా ఉంది. ఇంజను బాగానే ఉంది కాబట్టి చట్రం తిన్నగా చేసి, కొత్త తొడుగు వేసి మళ్లీ రోడ్డు మీదికి తెస్తానన్నాడు. బావ జరిగిందంతా చెప్పాడు. తడి, టైర్లు, పాప కాలు, అన్నీ. ఆయన ఓపిగ్గా విని, "వాన రోజుల్లో నేను నడపను లెండి" అన్నాడు.

"ఆయన కూడా మంచివాడే. నాలాగే ఉన్నాడు" అన్నాడు బావ ఫోన్ పెట్టేశాక. అమ్మలేదు. చట్రం కోయించి తుక్కుకు వేయించాడు. ఇంజను మాత్రం బోటు బాగుచేసే ఒకతను పట్టుకెళ్లాడు. ఆ పని జరిగే రోజు బావ గ్యారేజీకి పోయి చివరిదాకా నిలబడి వచ్చాడు. ఆ పూట అన్నం తినలేదు.

లైసెన్సు తిరిగి వచ్చాక కూడా పాప ఆయన పక్కన కూర్చోలేదు. మాట్లాడేది, నవ్వేది, లెక్కలు చెప్పించుకునేది. కారెక్కమంటే మాత్రం బస్సుకు పోతాననేది. బావ ఒక్కసారి కూడా బలవంతం చేయలేదు. దాని పిక్క మీద మచ్చ అరచేతి పొడవున, ఎర్రగా మెరుస్తూ ఉండిపోయింది. స్కూలు స్కర్టు కింద మందపాటి మేజోళ్లు వేసుకునేది.

మొన్న చలికాలంలో ఒక సోమవారం పొద్దున నేను ఇంకా అక్కడే ఉన్నాను. వాన ధారగా పడుతోంది. బస్సు రాలేదని పాప నిలువునా తడిసి వెనక్కి వచ్చింది. అక్క అప్పటికే తన ఉద్యోగానికి వెళ్లిపోయింది. నేను దింపుదామని బావ కారు తాళాలు వెతుకుతుంటే అది గుమ్మంలో నిలబడి, బావను చూసి, "డాడ్, కెన్ యూ డ్రాప్ మీ?" అంది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒక గుండీ వదిలేసి బయల్దేరాడు.

నేను వెనక సీట్లో కూర్చున్నాను, నా కారు రిపేరులో ఉండటంతో నన్ను బస్టాండులో దింపాలి. పాప ముందు కూర్చుని బెల్టు పెట్టుకుంది. బావ దాన్ని లాగి చూడబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అదే లాగి చూపించింది. వైపర్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఆయన చాలా నెమ్మదిగా నడుపుతున్నాడు. మా వెనక కార్ల వరస పెరిగిపోతోంది. ఒకడు లైట్లు వేసి ఆర్పాడు. పాప రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని ఉంది, వెనకనుంచి నాకు దాని వేళ్లు కనిపిస్తున్నాయి.

కొంతదూరం పోయాక అది అద్దంలో వెనక వరసను, రోడ్డు పక్కన వేగ పరిమితి బోర్డును చూసింది.

"ఇట్స్ ఎయిటీ హియర్, డాడ్. యూ కెన్ గో ఎ బిట్ ఫాస్టర్, లైక్."

బావ రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. "ఫర్వాలేదా?" అన్నాడు.

"ఎ బిట్" అంది.

ఆయన కొంచెం వేగం పెంచాడు. అది సీటు అంచు వదల్లేదు. స్కూలు గేటు దగ్గర దిగి, బ్యాగు తల మీద పెట్టుకుని, "థాంక్స్, డాడ్. బై, పిన్నీ" అని పరిగెత్తింది. బావ అది లోపలికి పోయేదాకా చూసి, ఇండికేటర్ వేసి, వెనక వచ్చే కార్లన్నీ పోయేదాకా అక్కడే ఆగాడు.